నిప్పు కాలానికి ముందు: నల్లమల నుంచి లంకమల దాకా

సోమవారం, కర్నూలు – ఆత్మకూరు

ఫిబ్రవరి మొదటి వారం. కర్నూలు బస్టాండులో పొద్దున ఇంకా చలిగానే ఉంది, నందికొట్కూరు దాటేసరికి స్వెటర్ తీసేయాల్సి వచ్చింది. దారి పొడవునా శనగ కోతలు నడుస్తున్నాయి. నల్లమల అంచు ఊళ్లలో రైతుకు ఇది పంట చేతికొచ్చే కాలం, అటవీ సిబ్బందికి టెన్షన్ మొదలయ్యే కాలం. అడవిలో ఆకు రాలడం అప్పటికే మొదలైంది. ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్యలో తొలకరి పడేదాకా ఇక్కడ నిప్పు కాలమే.

ఫైర్ వాచర్లకు, బీట్ ఆఫీసర్లకు (బీట్ అంటే ఒక్కొక్కరికి అప్పగించిన అడవి ముక్క) జరిగే శిక్షణ చూడటానికి వెళ్తున్నాను. వాళ్లు జేబులో పెట్టుకుని తిరగగలిగే ఒక చేతిపుస్తకం తెలుగులో రాసే పని ఒప్పుకున్నాను. అడవి మంటల మీద మంచి పుస్తకాలు చాలానే ఉన్నాయి కానీ, మంట దగ్గరికి మొదట చేరే మనిషి చదవగలిగే భాషలో దొరికేవి తక్కువ. ఆ మొదటి మనిషి దాదాపు ఎప్పుడూ ఫైర్ వాచరే. సీజన్‌కు తీసుకుంటారు, వానలు పడగానే పంపేస్తారు. మరుసటి ఏడు అతనే వస్తాడన్న నమ్మకం లేదు. అతను నేర్చుకున్నది ఏమవుతోందన్న ప్రశ్న నన్ను చాలా కాలంగా తొలుస్తోంది.

ఆత్మకూరులో మొదటి క్లాసు ఉపగ్రహాల మీద జరిగింది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి మంటల సమాచారం రాష్ట్రాలకు పంపుతోంది. ఇప్పుడైతే పేరు నమోదు చేసుకుంటే చాలు, ఫోనుకే మెసేజ్ వస్తుంది. మోడిస్ అనే పాత సెన్సార్ చూపులో ఒక చుక్క అంటే కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న నేల. 2011లో పైకి వెళ్లిన సువోమి ఎన్‌పీపీ ఉపగ్రహంలోని వీర్స్ సెన్సార్ ఇంకా సన్నగా చూస్తుంది, దానికి ఒక చుక్క 375 మీటర్లు. క్లాసు చెబుతున్న ఆయన బోర్డు మీద లెక్క వేసి చూపించారు. 375 మీటర్ల చదరం దాదాపు 35 ఎకరాలు. "మంట ఆ 35 ఎకరాల్లో ఏ మూలైనా ఉండొచ్చు. మెసేజ్‌లో అక్షాంశ, రేఖాంశాల నంబర్లుగా వచ్చిన పాయింటు దగ్గరికి పోయి, ఏమీ లేదని వెనక్కి రావద్దు" అన్నారు.

అన్నిటికంటే పనికొచ్చే విషయం ఆ తర్వాత వచ్చింది. ఈ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో. సాయంత్రం నాలుగింటికి అంటుకున్న మంట దానికి కనిపించేది రాత్రికే. ఇతర ఉపగ్రహాలు వేరే వేళల్లో వెళ్లినా మధ్యలో గంటల కొద్దీ ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీలో మంటను పసిగట్టేది గుట్ట మీద నిలబడ్డ మనిషి కన్నే.

వెనక వరుసలో కూర్చున్న వాచర్ ఒకతను చెయ్యెత్తాడు. "సార్, ఆ నంబర్లు మాకేం తెలుస్తాయి? ఫలానా కుంట పైన, ఫలానా బండ పక్కన అని చెప్పండి. కండ్లు మూసుకొని పోతాం."

క్లాసు ఆగిపోయింది, ఆగాల్సిన చోటే ఆగింది. బీట్ మ్యాపు ప్రింటు పెద్దది తెచ్చి నేల మీద పరిచారు. అందరూ చుట్టూ చేరి వంగి కూర్చున్నారు. కుంటలు, బండలు, కనుమలు, పెంటలనే చెంచు గూడేలు, పాత బొగ్గుబట్టీల గుర్తులు, ఎండాకాలంలో కూడా నీళ్లుండే ఊటలు, ఒక్కొక్కటే పెన్సిల్‌తో పెట్టుకుంటూ పోయారు. ఒకే గుట్టకు ఇటువైపు వాళ్లు ఒక పేరు, అటువైపు వాళ్లు ఇంకో పేరు చెప్పారు. రెండూ రాసుకున్నారు. చీకటి పడేసరికి ఆఫీసులో ఎవరి దగ్గరా లేని మ్యాపు ఒకటి తయారైంది. రేపటి నుంచి ఆ చోట్లకు వెళ్లినప్పుడల్లా జీపీఎస్ పాయింటు తీసుకొచ్చి పేరుకు జత చేయాలని అనుకున్నారు. ఈ పని ప్రతి బీట్‌లోనూ జరగాలి. ఖర్చంటూ పెద్దగా లేదు, ఒక పెద్ద కాగితం, ఒక సాయంత్రం చాలు.

మంగళవారం, బైర్లూటి వైపు

ఆత్మకూరు నుంచి దోర్నాల రోడ్డు ఎక్కితే కాసేపటికే అడవి. టేకు ఆకు రాలి, దారి పక్కన అంగుళాల మందం పరుచుకుని ఉంది. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాల్లో ఒకటి. ఇంత అడవికి మంటల కాలంలో కాపలా అంటే ఆ ఊహకే అలసట వస్తుంది.

ఈ రోజంతా చేతిపని. ఫైర్ లైన్, అంటే మంట దాటకుండా ఆకూ తుప్పా తీసేసిన బాట, ఎలా తీయాలో చేసి చూపించారు. ముందు ఒకతను కొడవలితో తుప్పలు నరుకుతూ వెళ్తాడు, వెనక ఒకతను వీపుకు తగిలించుకున్న బ్లోయర్‌తో ఆకు ఊదుతాడు, ఆ వెనక ఇద్దరు రేక్‌తో మిగిలిన చెత్త లాగుతారు. అడుగున మట్టి కనపడాలి. పై ఆకు పోయి కింద మెత్తటి పొడి ఆకు మిగిలితే, ఆ పొరలో నిప్పు పాకుతూ లైను దాటేస్తుంది, పైకి పొగ కూడా రాదు. శిక్షకుడు మోకాళ్ల మీద కూర్చుని వేలితో గీరి చూపించాడు. పైన గోధుమ రంగు ఆకు, కింద నల్లటి జల్లెడలాంటి పొర, దాని కింద ఎర్రమట్టి. "ఈ ఎర్రది కనపడేదాకా పని అయిపోయినట్టు కాదు." ఊదిన ఆకు ఎటు వేస్తున్నామన్నది కూడా ముఖ్యమే. మంట రావాల్సిన వైపు కుప్ప పడితే, అక్కడికి వచ్చేసరికి అది ఇంకా ఎత్తుగా లేస్తుంది.

బట్టల గురించి ఎవరూ అడగకపోయినా ఒక వాచరే లేచి చెప్పాడు. గుడ్డలో పాలిస్టర్ కలిసి ఉంటే వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ప్లాస్టిక్ చెప్పులూ అంతే. అతని మడమ మీద ఆ గుర్తు ఉంది. నూలు బట్ట, తోలు బూటు, తలకు తువ్వాలు. ఈ మూడూ మంటకు ఎదురెళ్లే ప్రతి మనిషికీ సీజన్ మొదలు కాకముందే చేతికి అందాలి. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను. వేల రూపాయల బ్లోయర్లు వచ్చాయి, సంతోషం. ఆ బ్లోయర్ మోసే మనిషి కాళ్లకు ఇంకా హవాయి చెప్పులే ఉన్నాయి.

మధ్యాహ్నం మాతో ఒక చెంచు పెద్దాయన కూర్చున్నాడు. బేస్ క్యాంపుల్లో చాలా ఏళ్లు పనిచేసినవాడు. మా వాళ్లంతా "తాతా" అని పిలిచారు. పొగ వాసన బట్టి కాలుతున్నది గడ్డా, వెదురా, మొద్దా చెప్పగలడు. వెదురు కాలితే కణుపుల్లో గాలి పేలి టపటపమంటుంది. ఆ చప్పుడు దగ్గరవుతోందా దూరమవుతోందా అన్నదే అతనికి మంట నడక. "పొద్దుగాల మంచు పదునులో పోవాల. అప్పుడు నిప్పు తలొంచుకొని ఉంటాది. మిట్టమధ్యాన్నం దాని మూతి కాడికి పోతే మనల్నే తింటాది" అన్నాడు.

శిక్షకుడు దానికే కారణాలు చెప్పాడు. తెల్లవారుజామున గాలిలో తేమ ఎక్కువ, గాలి నెమ్మది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా తేమ అడుగంటుతుంది, ఎండకు వేడెక్కిన గాలి లోయ నుంచి పైకి ఎగదన్నుతుంది. మంట ముఖానికి ఎదురు వెళ్లకుండా, తోక వైపు నుంచి మొదలుపెట్టి రెండు పక్కలా నొక్కుకుంటూ రావాలి. పుస్తకంలో ముందు తాత మాట పెట్టి, దాని కింద ఈ వివరం రాస్తాను. చదివేవాడికి గుర్తుండేది తాత మాటే.

ఎదురు మంట పెట్టడం, అంటే వచ్చే మంటకు తిండి లేకుండా దాని ముందున్న గడ్డిని మనమే కాల్చేయడం, కూడా చెప్పారు కానీ చేయించలేదు. అది మంచి నిర్ణయం. గాలిని, నేలను బాగా ఎరిగినవాడు, పైవాళ్లకు చెప్పి, వెనక ఫైర్ లైన్ ఉంచుకుని చేయాల్సిన పని అది. ఫోన్లో వీడియో చూసి నేర్చుకునేది కాదు.

బుధవారం, కాలిన వాలు మీద

ఈ రోజు వెళ్లిన చోటు పేరు రాయను. అక్కడ మాట్లాడినవాళ్లు పెట్టిన షరతు అదొక్కటే.

పోయిన ఏప్రిల్‌లో కాలిన వాలు అది. నల్లమద్ది చెట్ల మొదళ్లు మనిషి నడుము ఎత్తు దాకా నల్లగా ఉన్నాయి, పైన కొమ్మలు బతికే ఉన్నాయి. మందమైన బెరడు ఆ చెట్టును కాపాడింది. చిన్న మొక్క మాత్రం ఒక్కటీ మిగల్లేదు. వాలు మధ్యలో నల్లటి బండ, ఐదారుగురు నిలబడేంత.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లనే తీసుకొచ్చారు. ప్రతివాడూ తను నిలబడిన చోటే నిలబడి, ఏం చూశాడో చెప్పాలి. ఈ పద్ధతి సైన్యాల్లో పుట్టింది. అమెరికాలో అడవి మంటలార్పేవాళ్లు దాన్ని తీసుకున్నారు. 1994 జూలై 6న కొలరాడోలోని స్టార్మ్ కింగ్ కొండ మీద గాలి తిరిగి, వాలెక్కిన మంటలో 14 మంది సిబ్బంది చనిపోయారు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లు ఆ కొండ మీదే నడుస్తూ, ఆ రోజు జరిగినది అడుగడుగునా మాట్లాడుకుంటారు. అక్కడ ఇలాంటి అనుభవాలు సేకరించి అందరికీ పంచడానికి 2002 నుంచి ప్రత్యేకంగా ఒక కేంద్రమే పనిచేస్తోంది. మనకు దగ్గరలోనే, 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణిలో గడ్డి వాలు మీద మంట చుట్టుముట్టి, ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ వాలు మీద మనవాళ్లు ఎంతమంది నడిచారు, ఏం నేర్చుకున్నారు అని అడగాలనిపిస్తుంది.

ముందుగా మాట్లాడింది అప్పటి అధికారి. అందరికంటే పెద్ద ఉద్యోగి అతనే కాబట్టి, ముందు తనే నోరు విప్పాలని శిక్షకుడు పట్టుబట్టాడట. "రెండు గంటలప్పుడు మెసేజ్ వచ్చింది. త్వరగా ఆర్పేయాలన్న తొందరలో, పైనుంచి దిగి లైను తీయమన్నాను. కింద వాగులో నిప్పు ఉందన్న సంగతి నాకు తెలీదు. తెలుసుకోకుండా పంపాను" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నాడు.

ఆ మాటతో మిగతావాళ్ల నోళ్లు విచ్చుకున్నాయి. ఒక కుర్రాడు వాకీటాకీలో చార్జింగ్ లేదన్న సంగతి దాచానని చెప్పాడు, తిడతారేమోనని. ఇంకొకతను గాలి మారింది చూశాను కానీ అందరికంటే చిన్నవాణ్ని కదా అని ఊరుకున్నానన్నాడు. వాగు వైపు కాపలా ఉన్న చెంచు వాచర్‌కు మొదట అనుమానం కలిగింది పిట్టల వల్ల. నిప్పుకు భయపడి లేచే పురుగుల కోసం ఏట్రింతలు మంట ముందు ఎగురుతూ ఉంటాయి. అవి వాగు పక్క నుంచి వాలు మీదికి జరుగుతుంటే, మంట ఎక్కుతోందని గ్రహించి కేక పెట్టాడు. అందరూ పరుగెత్తుకొచ్చి ఈ బండ ఎక్కారు. గడ్డి కాలి మంట పక్కనుంచి పోయేదాకా తడి తువ్వాళ్లు మొహానికి కప్పుకొని కూర్చున్నారు. ఎంతసేపు అన్నదానికి మాత్రం ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోలేదు.

వాలు ఎక్కేటప్పుడు మంట వేగం ఎంత పెరుగుతుందో నాకు లెక్కగా తెలుసు. సుమారుగా పది డిగ్రీల వాలు పెరిగితే వేగం రెట్టింపు అంటారు, ఎందుకంటే మంట నాలుక పైనున్న గడ్డిని ముందే ఎండబెట్టి సిద్ధం చేస్తుంది. ఆ వాగు నుంచి బండ దాకా నడిచి చూస్తేగాని ఆ లెక్క నాకు భయంగా మారలేదు. ఉత్తి చేతులతో, మంట లేకుండా, ఫిబ్రవరి చల్లటి పొద్దున ఎక్కితేనే నాకు ఊపిరి అందలేదు.

తర్వాత నీడలో కూర్చుని నాలుగు ప్రశ్నలకు జవాబులు రాశారు. ఏం చేద్దామనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది, మళ్లీ ఇలాంటిది వస్తే ఏం చేస్తాం. "ఎవరు చేశారు" అన్న ప్రశ్న ఆ కాగితం మీద లేదు. దాని కిందే ఇంకో నాలుగు మాటలు: కాపు, కబురు, దారి, చోటు. మంటను చూస్తూ ఒకరు కాపు ఉండాలి. అతని కబురు అందరికీ అందాలి. తప్పించుకునే దారి ముందే చూసుకోవాలి, ఒకటి మూసుకుపోతే రెండోది. ఆ దారి చేరే క్షేమమైన చోటు, బండో, కాలిపోయిన నేలో, నీళ్లో, అందరికీ తెలిసి ఉండాలి. పాల్ గ్లీసన్ అనే అమెరికన్ అనుభవజ్ఞుడు 1991లో ఇలా కుదించి చెప్పిన నాలుగు జాగ్రత్తలివి. ఇందులో ఒక్కటి లేకపోయినా పనిలోకి దిగొద్దు.

"చోటు లేదు, నేను దిగను అని వాచర్ చెప్పొచ్చా సార్?" అని ఆ చార్జింగ్ కుర్రాడే అడిగాడు.

"చెప్పాల. చెప్పినందుకు నిన్నెవురూ ఏమీ అనకుండా నేను చూసుకుంటా" అన్నాడు అధికారి.

ఆ మాట నోటితో సరిపోదు, ఉత్తర్వుగా రావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అధికారులు మారతారు.

గురువారం, నాగలూటి దారి

పొద్దున్నే వెంకటాపురం మీదుగా నాగలూటి. వీరభద్రుడి గుడి, పాత రాతి మెట్లు. శివరాత్రికి మన భక్తులు, ఉగాదికి కర్ణాటక భక్తులు ఈ దారినే పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలం నడుస్తారు. కన్నడిగులు భ్రమరాంబను ఇంటి ఆడపడుచుగా తలచి సారె తెస్తారు, ఎండకు కాగిపోయే ఆ దారిన అంత దూరం నడవడం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. రెండు పండుగలూ నిప్పు కాలంలోనే వస్తాయి. బండ మీద వెలిగించిన కర్పూరం, మూడు రాళ్ల పొయ్యి, ఆర్పకుండా పారేసిన బీడీ, ఏదైనా చాలు.

వాచర్లు ఇక్కడ చెప్పినవి చాలా తేలికైన ఉపాయాలు. హెచ్చరిక బోర్డు తెలుగులో ఒక్కటే పెడితే లాభం లేదు, కన్నడంలో ఉండాలి, బొమ్మ ఉండాలి. వంట అన్నదానం శిబిరాల దగ్గరే జరగాలి, అక్కడ చుట్టూ మట్టి తేలేలా ఊడ్చి, నీళ్ల డ్రమ్ము పెట్టాలి. నడిచేవాళ్ల గుంపుకు ముందు నడిచే పెద్ద ఒకరుంటారు, చెప్పాల్సింది అతనికి చెప్తే గుంపంతా వింటుంది. ఒక వాచరు కన్నడంలో నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు, మిగతావాళ్లకు నేర్పిస్తున్నాడు. మేం అక్కడున్నంతసేపూ అదే పాఠం నడిచింది.

శుక్రవారం, నంద్యాల – మైదుకూరు – కడప

ఎక్కువ భాగం బస్సులోనే. వెలుగోడు, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి. ఎడమ పక్కన నల్లమల కొండలు చాలా దూరం వెంట వచ్చాయి. రాసుకున్న కాగితాలు సర్దుకున్నాను. రాత్రి కడపలో సంగటి తిని పడుకున్నాను.

శనివారం, లంకమల అంచున

సిద్ధవటం దగ్గర పెన్న దాటితే అడవి రూపమే మారిపోతుంది. టేకు, వెదురు కనపడవు. ముళ్లతుప్పలు, మధ్యలో ఖాళీ నేలలు, కొండ మీద ఎర్రచందనం, వాలుల మీద బోదగడ్డి. నలిపి చూస్తే ఘాటు వాసన వచ్చే గడ్డి అది, ఎండితే నిప్పుకు ఎదురు చూస్తున్నట్టే ఉంటుంది. లంకమల అంటే కలివికోడి ఊరు. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో ఈ కొండల పక్క రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. చీకటిలో ఆ పిట్టను గుర్తుపట్టి పట్టుకొచ్చింది కూడా ఊరి మనిషే.

ఇక్కడ శిక్షణకు గొర్రెల కాపరులను కూడా పిలిచారు. మొదట ఎవరూ లోపలికి రాలేదు, చెట్టు కింద నిలబడ్డారు. కేసు రాయడానికి పిలిచారేమోనన్న భయం. చివరికి ఒక పెద్దాయన ముందుకొచ్చాడు.

"ఊరికే యాల అంటిస్తాం సామీ? పాత గడ్డి గొర్రె ముట్టదు. కాలితే, నాలుగు చినుకులు పడితే లేత పచ్చిక వస్తాది. మా తాతల కాలం నుంచి ఇట్లనే."

రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం, ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా అతను చెప్పిన మాటలో నిజం లేదని ఎవరం అనలేకపోయాం. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఇదే చెప్తారు. చలికాలం చివర, పదును ఉండగా చిన్న మంటలు పెట్టేవాళ్లమని, అది ఆగాక లంటానా అడవిని మింగిందని. ఉత్తర ఆస్ట్రేలియాలో ఆదివాసుల పద్ధతిలో వానలు ఆగాక వచ్చే పొడికాలం తొలి రోజుల్లోనే చిన్నగా కాలుస్తారు, ముదిరాక వచ్చే పెద్ద మంటకు తిండి లేకుండా. అలాగని ఇక్కడ కాపరి ఏప్రిల్‌లో అగ్గిపుల్ల గీస్తే సరేనని నేను అనను. అప్పటికి బోదగడ్డి ఆపలేని మంటవుతుంది, ఎర్రచందనం మొలకలు పోతాయి, నేల మీద గుడ్లు పెట్టే పిట్టల గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నది కాపరీ, బీట్ ఆఫీసరూ, శాస్త్రం చదివినవాళ్లూ ఒకే చోట కూర్చుని తేల్చాలి. ఇన్నేళ్లూ వాళ్లు ఒకరి ముందు ఒకరు కూర్చున్నది కేసు రాసేటప్పుడే.

ఆ రోజు ఒక చిన్న ఒప్పందానికి వచ్చారు. ఫైర్ లైన్ల కోసం ఎలాగూ కోసే గడ్డిని కాపరులే కోసుకుపోతారు, మందకు మేత, లైనుకు శుభ్రం. మంట కనపడితే కాపరే మొదట ఫోన్ చేస్తాడు, చేసినవాణ్ని అనుమానించకూడదు. ఈ రెండో మాట మీదే గంటసేపు వాదన జరిగింది. చివరికి బీట్ ఆఫీసరు తన నంబరు పెద్ద అంకెలతో రాసి అందరికీ పంచింది. పెద్దాయనకు చదవడం రాదు, మనవడు ఆయన ఫోన్లో సేవ్ చేసి, ఒకటో బటన్ నొక్కితే వెళ్లేలా పెట్టాడు. అక్కడికక్కడే నొక్కి చూశారు, ఆమె ఫోను మోగింది.

సీజన్ అయ్యాక, వాచర్లు ఊళ్లకు వెళ్లిపోకముందే జూన్‌లో ఒక రోజు అందరూ కూర్చుని ఆ నాలుగు ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవాలని అనుకున్నారు. ఆ రోజుకు కూలి ఎవరిస్తారన్నది తేలలేదు. ఇప్పించమని నేనూ అర్జీ రాస్తున్నాను. అంతకుముందే, వచ్చే బుధవారం మందలు తోలుకుపోయే వేళకు ముందు కాపరుల ఊరి రచ్చబండ దగ్గర ఇంకో సమావేశం ఉంది. వచ్చేటప్పుడు ఆ బ్లోయర్ ఒకటి తెమ్మని పెద్దాయన అడిగాడు, గొర్రెలు దాని చప్పుడుకు బెదురుతాయో లేదో ముందే చూసుకోవాలట.